ఊడిపోయే పిడికి ఓ దండం

ఊడిపోని వస్తువు సంఘానికి చేటు! బాగా ఆలోచించే అంటున్నాను ఈ మాట.

నవ్వకండి. మీ ఇంట్లో అటక మీద తాతలనాటి ఇత్తడి బిందె ఒకటి ఉండే ఉంటుంది. ఇన్నేళ్లలో అది ఎవరికైనా ఒక్క పూట పని కల్పించిందా? మాటు వేసేవాడిని పిలిచిందా? దుకాణం గుమ్మం ఎక్కించిందా? సొట్ట పడదు, చిల్లు పడదు, పారెయ్యడానికి వీల్లేదు. తన మానాన తను కూర్చుని ఉంటుంది. అంత స్వార్థం ఉన్న సామాను ఇంట్లో పెట్టుకోవడానికి మనకే సిగ్గుండాలి.

అదే, మొన్న వానల్లో కొన్న గొడుగుని చూడండి! మన ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో ఒక్క గాలి కొట్టేసరికి తిరగబడింది. ఊచ ఊడి, ఆటో కోసం నిలుచున్న పెద్దమనిషి చెవికి తగిలింది. ఆయన మిమ్మల్ని తిట్టారు. మీరు గొడుగుని తిట్టారు. ఇంతలో ఆయన గొడుగూ తిరగబడింది. చూద్దురు కదా, రెండూ ఒకే కంపెనీవి! ఇద్దరూ తడుస్తూ టీకొట్టు కిందికి చేరారు, ఊరూ పేరూ అడుక్కున్నారు, ఇప్పుడు పిల్లల జాతకాలు ఇచ్చిపుచ్చుకునే దాకా వచ్చారు. గట్టి గొడుగులైతే ఈ సంబంధం కుదిరేదా?

ఫోను ఛార్జరు పాడవబట్టే కదా మనం పక్కింటి తలుపు తడుతున్నాం! సూట్‌కేసు చక్రం ఊడబట్టే కదా మన స్టేషన్ ప్లాట్‌ఫారం పొడుగునా ముక్కూ మొహం తెలియని వాళ్లు సాయం పడుతున్నారు! పెళ్లి పందిట్లో ప్లాస్టిక్ కుర్చీ కాలు విరిగి పెళ్లికొడుకు మేనమామ వెల్లకిలా పడకపోతే ఆ పెళ్లి వీడియో మళ్లీ ఎవడు చూస్తాడండీ?

కాబట్టి వస్తువన్నాక ఊడాలి. ఎప్పుడు ఊడాలి, ఎవరి చేతిలో ఊడాలి అన్నదే అసలైన ఇంజనీరింగు. ఈ రహస్యం అందరికన్నా ముందు కనిపెట్టిన మహానుభావుడు మన ఖరగ్‌పూర్‌లోనే ఉన్నాడు. ఆయన పేరు ఈశ్వరరావు.

తండ్రి హయాంలో వాళ్లది బజార్లో గిన్నెల కొట్టు. తల్లి శేషారత్నం గారు ఆ కొట్టులో కూర్చుని సగం ఊరికి గిన్నెలమ్మింది. ఈశ్వరరావు అంతటితో ఆగే మనిషా? విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్క్‌లో కుక్కర్ల ఫ్యాక్టరీ పెట్టాడు. తల్లి మీద భక్తి కొద్దీ 'శేషా కుక్‌వేర్' అని పేరు పెట్టాడు. ఈ ఏడు దుర్గాపూజ అమ్మకాలకని కొత్త కుక్కరు తయారుచేయించి దానికి 'అమ్మచేయి' అని నామకరణం చేశాడు. బెంగాలీ వాళ్ల కోసం 'మాయేర్ హాత్'.

అట్టపెట్టె మీద శేషారత్నం గారి నిలువెత్తు ఫోటో. చేతిలో కుక్కరు, మొహం నిండా నవ్వు. ఫోటో తీసిననాటికి కొత్త కుక్కరు ఇంకా పుట్టలేదు కాబట్టి ఆవిడ చేతిలో ఉన్నది ఆవిడ వంటింట్లోని పాత కుక్కరు. కంప్యూటర్లో దాని మీద కొత్త పేరు అంటించారు. నవ్వు మాత్రం అసలుదే.

ఇక కొత్త కుక్కరు గొప్పదనమంతా దాని పిడిలో ఉంది. కొన్నాళ్లు పప్పు ఉడికించాక ఆ పిడి ఊడి చేతికొస్తుంది!

ఇది దానంతటది జరిగే పని అనుకుంటున్నారా? దీని వెనక ఎంత మేధస్సు ఉందనుకున్నారు! పాత మోడల్లో పిడిని ఇనుప పట్టీకి రివిట్లు కొట్టి బిగించేవారు. డిజైన్ హెడ్ కిరణ్‌కుమార్ గారికి ఇది నచ్చలేదు. ఆయన తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి చూపించారు. పట్టీ ఎందుకు, బరువు! రివిట్లు ఎందుకు, దండగ! పట్టీ తీసేసి, రివిట్లు తీసేసి, చవక ప్లాస్టిక్ పిడిలోకి నేరుగా ఒక్క స్క్రూ దింపితే చాలదా? దీన్ని 'వాల్యూ ఇంజనీరింగ్' అంటారట. కుక్కరు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ మెత్తబడుతుంది, స్క్రూ తన దారిన తాను వదులవుతుంది. ఎవరూ తిప్పక్కర్లేదు! మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు. సమోసాలు కూడా వచ్చాయి.

ఆ చప్పట్లు కొట్టని మనిషి ఒకే ఒకతె. మీనాకుమారి. ఆ కంపెనీలో క్వాలిటీ ఇంజనీరు.

ఈ పిల్లకి ఒక చెడ్డ అలవాటుంది. సంతకం పెట్టేముందు చూస్తుంది. ఎక్కడ అబ్బిందో ఈ అలవాటు! తండ్రి గోవిందరావు రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు విశ్వకర్మ పూజ నాడు కూతుర్ని లోపలికి తీసుకెళ్లేవాడు. ఆ ఒక్క రోజే కదా ఇంట్లోవాళ్లని వర్క్‌షాపు గేటు దాటనిస్తారు! ఆ రోజు మిషన్లు తిరగవు, పనిముట్లు ఎవరూ ముట్టరు. బొట్లు పెట్టించుకుని, బంతిపూల దండలు వేసుకుని కూర్చున్న పెద్దపెద్ద లేతు మిషన్లని చూసి ఆ పిల్లకి మనసు నిండిపోయింది. ఇనుముకి దండం పెట్టే మనుషులున్న చోట పనిచేయాలి అనుకుంది. చదివింది. ఇంజనీరయింది. శేషా కుక్‌వేర్‌లో చేరింది.

చేరిన రోజునే ఆమెకి ఒక అద్భుతం కనిపించింది. 'నాణ్యత పరీక్షించబడినది' అన్న ముద్ర అట్టపెట్టెల మీద ప్రెస్సులోనే అచ్చయి వస్తోంది. కుక్కరు ఇంకా రేకు ముక్కగా ఉండగానే దాని పెట్టె పరీక్ష పాసయి సిద్ధంగా ఉంటుంది! పరీక్ష రాయకముందే ఫలితం ఇవ్వగల విశ్వవిద్యాలయం మన దేశంలో ఇంకోటి ఉందా?

కంపెనీకి ఇంటర్నేషనల్ స్టాండర్డు సర్టిఫికెట్టు కూడా ఉంది. అద్దంలో, రిసెప్షన్లో, గణపతి పక్కన. ఆడిట్‌కి మనుషులు వచ్చేముందు నేల మీద పసుపు గీతలు గీస్తారు. నర్సరీ నుంచి పూలకుండీలు అద్దెకి తెస్తారు. వచ్చినవాళ్లు గీతల మీంచి నడిచి, కుండీలు చూసి, భోంచేసి, చాలా బాగుందని రాసి వెళ్తారు. కుక్కరు వైపు ఎవరూ చూడరు. ఎందుకు చూడాలి? దాని గురించి పెట్టె మీద రాసే ఉందిగా!

పోనీ నీతి లేదా అంటే, నీతికి ఏకంగా ఒక వీడియో ఉంది. ఏటా ఉద్యోగులందరూ దాన్ని చూసి ప్రశ్నలకి జవాబులు నొక్కాలి. కిరణ్‌కుమార్ గారు దాన్ని రెట్టింపు వేగంతో, భోజనం చేస్తూ, సౌండు లేకుండా చూసి నూటికి నూరు తెచ్చుకున్నారు. 'వస్తువులో లోపం కనిపిస్తే ఏం చేయాలి?' అన్నది అందులో ఒక ప్రశ్న. 'పై అధికారికి చెప్పాలి' అన్నది జవాబు. మీనాకుమారి కూడా అదే నొక్కింది. ఆ పిల్ల తెలివితక్కువతనం ఏమిటంటే, నొక్కి ఊరుకోకుండా నిజంగానే వెళ్లి చెప్పింది.

ఏం చెప్పింది? కంపెనీలో పిడిని పరీక్షించే పద్ధతి ఏమిటంటే, కుక్కరు నిండా చన్నీళ్లు పోసి ఎత్తి చూడటం. ఎత్తారు, ఊడలేదు, పాస్! ఈమెకి ఏం బుద్ధి పుట్టిందో, టెస్టు రూములో కందిపప్పు వేసి స్టవ్వు మీద పెట్టింది. రోజూ పెట్టింది. ఒకనాడు కూతలు వచ్చాక ఎత్తబోతే పిడి చేతిలో గిర్రున తిరిగింది. పిడి చేతిలో ఉంది, కుక్కరు నేల మీదుంది, మూత ఎగిరి పప్పు గోడ మీదుంది. చెంగున వెనక్కి గెంతింది కాబట్టి కాళ్లు దక్కాయి.

వెంటనే ఆ ఊడిన పిడి పట్టుకుని కిరణ్‌కుమార్ గారి దగ్గరికి వెళ్లింది.

ఆయన పిడిని అటూ ఇటూ తిప్పి చూశారు.

"మీనా గారూ, తప్పు కుక్కరుది కాదండీ. మీరు దాన్ని వాడకూడని పద్ధతిలో వాడారు."

"ఏం చేశాను సార్?"

"వేడి చేశారు."

ఆయన ఈ సంగతి ఈశ్వరరావుకి చెప్పారు. ఈశ్వరరావు శ్రద్ధగా విని, ఈ సమస్యని క్షుణ్ణంగా పరిశీలించమని కిరణ్‌కుమార్‌నే ఆదేశించాడు. కిరణ్‌కుమార్ గారు పరిశీలించి, సమస్య ఏమీ లేదని తనకి తానే ఉత్తరం రాసుకున్నారు. ఎంత చక్కని ఏర్పాటండీ! ఫిర్యాదు బయట ఎక్కడా పడకుండా గుండ్రంగా తిరిగి ఇల్లు చేరింది.

అయినా కంపెనీ చేతులు ముడుచుక్కూర్చోలేదు. కుక్కరుని మార్చడానికి బదులు తవిటయ్యని పెట్టింది.

తవిటయ్య సరదా మనిషి, పాత ఫిట్టరు. 'కస్టమర్ ఎక్స్‌పీరియెన్స్ అసిస్టెంట్' అని ఆయనకి కొత్త హోదా ఇచ్చారు. చేయవలసిన పని ఒకటే. జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని కుక్కరు వెనకాల నిలబడటం. మేదినీపూర్ నుంచి డీలర్లు వచ్చినా, ఆడిట్ వాళ్లు వచ్చినా, వాళ్లు ఎత్తబోయే ముందు తవిటయ్య దగ్గుతూ వంగి, స్క్రూకి ఒక తిప్పు తిప్పి లేస్తాడు. డీలరు ఎత్తుతాడు. ఆహా అంటాడు. ఆర్డరు రాసిస్తాడు.

"మేడమ్, నా మాటినండి," అన్నాడు తవిటయ్య ఒకసారి మీనాకుమారితో. "కుక్కరుకో తవిటయ్యని కూడా పెట్లో ఎట్టి అమ్మేస్తే సరిపోద్ది."

ఆమె పకపకా నవ్వింది. నవ్వాక దిగులేసింది. ఇంటికెళ్లే ప్రతి కుక్కరు వెనకా తవిటయ్య ఉండడు కదా!

ఇక మిగిలింది ఆమె సంతకం. పెట్టె మీద ముద్ర ఎప్పుడో పడిపోయినా, సరుకు గేటు దాటాలంటే క్వాలిటీ ఇంజనీరు చేవ్రాలు ఒకటి కావాలి. ఈ పాతకాలపు చాదస్తం ఇంకా ఎందుకు ఉంచారో తెలియదు. కుక్కర్లన్నీ పెట్టెల్లో పడుకున్నాయి. లారీలు గేటు దగ్గర నిలబడ్డాయి. ఈశ్వరరావు ఆమెని గదిలోకి పిలిచాడు. కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు.

"సూడమ్మాయ్, మీ నాన్న మన కొట్టులో గిన్నెలు కొన్నోడే. నీ మీద నాకు కోపం నేదు. రేపు విశ్వకర్మ పూజ. ఆ సాయంత్రానికి సంతకం ఎట్టేసీ. ఎట్టకపోతే ఎల్లుండి నించి నువ్వు రానక్కర్లేదు."

"పిడి ఊడిపోతుంది సార్."

"ఊడందేటుంది సెప్పు ఈ లోకంలో?" అన్నాడు ఆయన ఎంతో వేదాంతంగా.

చూశారా, ఎంత లోతైన మాట! ఈ మాట ఆశ్రమంలో కూర్చుని అంటే పాదపూజ చేసేవారు.

సాయంత్రం ఇంటికి వచ్చి మీనాకుమారి ఈ సంగతి తల్లి నూకాలమ్మకి చెప్పింది. నూకాలమ్మ నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

"ఓలమ్మో! మరి నానేటి సెప్పుకోవాలే వీదిలో? మా అమ్మి సంతకం ఎట్టంది ఒక్క కుక్కరూ గేటు దాటదని అందరికీ సెప్పినాను. పూరీ గేట్ కాడ ఉండే మా అప్పకి కూడా ఒక కుక్కరు ఇప్పిత్తానని సెప్పేసినాను."

"అందుకే గదమ్మా పెట్టనంటున్నాను."

"నువ్వు ఎట్టకపోతే ఇంకోలు ఎడతారు. నీ ఉజ్జోగం పోద్ది, ఆ కుక్కర్లు ఆగుతాయేటి?"

ఇది ఉత్తి మాట కాదు. మీనాకుమారికీ అదే భయం. ఇంకొకరు వచ్చి నిమిషంలో సంతకం పెట్టేస్తారు. ఆమె ఉద్యోగమూ పోతుంది, పిడీ ఊడుతుంది. అప్పుడు ఎవరికి ఉపకారం జరిగినట్టు?

"ఆగవమ్మా," అంది. "కానీ పెద్దమ్మ సెయ్యి కాలితే నానే ఎల్లి మందు రాయాల. అప్పుడు నా మొకం ఎక్కడెట్టుకోవాల?" ఆఫీసులో ఎలా మాట్లాడినా ఇంట్లో, అందులోనూ ఏడుపొచ్చినప్పుడు, ఆమెకి ఇంటి మాటే వస్తుంది.

గోవిందరావు అంతసేపూ పేపరు చదువుతున్నట్టు కూర్చుని అంతా విన్నాడు.

"పిడి సేతిలో ఉండిపోద్దా, అదీ కిందడిపోద్దా?" అన్నాడు.

"సేతిలోనే ఉంటాది అయ్యా. కుక్కరు కిందడిపోద్ది."

"అయితే పిడి మంచిదే."

ముగ్గురూ నవ్వారు. నూకాలమ్మ నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. ఉద్యోగం పోతే పోయిందని మాత్రం ఎవరూ అనలేదు. అనడం అంత సులువు కాదు.

మర్నాడు విశ్వకర్మ పూజ. ఊరంతా గాలిపటాలు, మైకులు. శేషా కుక్‌వేర్‌లో పందిరి వేశారు. ఏనుగు మీద కూర్చున్న విశ్వకర్మ ముందు ఫ్యాక్టరీలోని పనిముట్లన్నీ కడిగి పేర్చారు. సుత్తులు, స్పానర్లు, పటకార్లు, స్క్రూడ్రైవర్లు, అన్నిటికీ పసుపు, కుంకుమ, ఎర్రదారం. ఈ రోజు వాటికి సెలవు. మర్నాడు పొద్దున దాకా ఎవరూ చెయ్యి వేయకూడదు. ఖరగ్‌పూర్‌లో పుట్టినవాడెవడైనా దేవుణ్ణి నమ్మకపోవచ్చు గానీ ఆ రోజు స్పానర్ ముట్టమంటే మాత్రం ముట్టడు.

డీలర్లు వచ్చారు. పనివాళ్లు పిల్లాపాపలతో వచ్చారు. పెద్ద డేగిశాల్లో కిచిడీ ఉడుకుతోంది. మీనాకుమారి ఒక పక్కన కూర్చుంది. జేబులో పెన్ను ఉంది. దాన్ని మాటిమాటికీ తడుముకుంటోంది. సాయంత్రం దాకా ఉన్నది ఈ కొంచెం పొద్దే.

అప్పుడు కారు దిగింది శేషారత్నం గారు. పట్టుచీర, చేతిలో కర్ర. పందిట్లో కొండలా పేర్చిన అట్టపెట్టెలన్నిటి మీద తన ఫోటో చూసుకుని మురిసిపోయింది.

"ఒరే ఈశ్వరూ, ఇందట్లో ఒకటి తీయించు. సామికి పరమాన్నం నాను ఒండుతాను."

ఈశ్వరరావు నవ్వు మొహం మీదే ఉండిపోయింది.

"ఎందుకమ్మా, ఒంటోళ్లు ఉన్నారు గదా. నువ్వు కూకో."

"నా బొమ్మేసి ఊరంతా అమ్మతావు, నన్ను మట్టుకు ఒండొద్దంతావేటి? తియ్యండి బాబూ!"

డీలర్లు చప్పట్లు కొట్టారు. ఆహా, ఇదీ ప్రచారమంటే! ఫోన్లు పైకి లేచాయి, వీడియోలు మొదలయ్యాయి. చేతికందిన కుక్కరొకటి తెచ్చారు. ఆ అందినది ఏదో తెలుసా? డీలర్ల ముందు ఇన్నాళ్లూ రోజూ ఉడికించి, తవిటయ్య చేత రోజూ తిప్పించుకుంటున్న డెమో కుక్కరు! పెద్దావిడ బియ్యం కడిగి పోసింది, పాలు పోసింది, మూత పెట్టి స్టవ్వు వెలిగించింది.

మీనాకుమారి లేచి నిలబడింది.

ఈశ్వరరావు తవిటయ్య వంక చూశాడు. కళ్లతోనే తిప్పమన్నాడు. తవిటయ్య జేబు తడుముకుని, విశ్వకర్మ వైపు చూపించాడు. ఆయన స్క్రూడ్రైవరు దేవుడి పాదాల దగ్గర, కుంకుమ బొట్టుతో, మందారపువ్వు తురుముకుని పడుకుని ఉంది.

"ఇయ్యాల ముట్టుకోకూడదు గద సార్!"

"ఇంకోటి తే!"

"అన్నీ ఆడే ఉన్నాయి."

పాఠకులారా, ఇక్కడ మీరు ఆగి కంపెనీ ప్లానింగుని మెచ్చుకోవాలి. ఏడాదిలో స్క్రూడ్రైవరు చేతికి దొరకని రోజు ఒకే ఒక్కటి. ఆ రోజునే డీలర్లందరినీ పిలిచారు!

కిరణ్‌కుమార్ గారు రూపాయి బిళ్లతో తిప్పవచ్చని సలహా ఇచ్చారు. తిప్పేదేదైనా పనిముట్టే అవుతుందని తవిటయ్య అన్నాడు. పనిముట్టంటే నిర్వచనం ఏమిటని కిరణ్‌కుమార్ గారు వాదన మొదలుపెట్టారు. ఈశ్వరరావు పూజారి దగ్గరికి పరుగెత్తి చెవిలో ఏదో అడిగాడు. పూజారి బెంగాలీ పెద్దాయన. తల అడ్డంగా ఊపాడు.

"ఆజ్ హాత్ దేబెన్ నా, దాదా." ఈవేళ చెయ్యి వేయొద్దు అన్నాడు.

ఇంతలో కుక్కరు కూత పెట్టింది. ఒకటి. ఇంకొకటి. పనివాళ్లంతా పిల్లల్ని పట్టుకుని మెల్లిగా వెనక్కి జరగడం మీనాకుమారి చూసింది. ప్యాకింగ్ వాళ్లు జరిగారు. పాలిష్ వాళ్లు జరిగారు. కిరణ్‌కుమార్ గారు అందరికన్నా దూరంగా, ఒక స్తంభం వెనక్కి జరిగారు. అంటే అందరికీ తెలుసన్నమాట! తను ఒక్కతే వెర్రిదాన్నని ఇన్నాళ్లూ అనుకుంది. పిడి సంగతి ఈ ఫ్యాక్టరీలో తెలియనివాళ్లు ఇద్దరే, ఏనుగు మీద దేవుడూ, పెట్టె మీద పెద్దావిడా.

శేషారత్నం గారు స్టవ్వు ఆపి, కొంగు నడుముకి దోపుకుని, పిడి పట్టుకోవడానికి వంగింది. మీనాకుమారి ఒక్క అంగలో వెళ్లి ఆవిడ మణికట్టు పట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఈశ్వరరావు పందిరి అదిరిపోయేటట్టు అరిచాడు.

"అమ్మా! ముట్టుకోకు!"

డీలర్ల ఫోన్లన్నీ ఆయన వైపు తిరిగాయి.

"ఏట్రా? ఏటయింది?" అంది పెద్దావిడ బెదిరిపోయి.

ఈశ్వరరావు డీలర్ల వంక చూశాడు. తల్లి చేతి వంక చూశాడు. అంతమందిలో, అన్ని ఫోన్లు తీస్తుండగా, ఆ పెద్ద వేదాంతి గొంతు చిన్నపిల్లాడిలా అయిపోయింది.

"పిడి ఊడిపోద్దమ్మా. సెయ్యి కాలిపోద్ది."

"నేను చెప్పింది కూడా ఇదే సార్," అంది మీనాకుమారి. ఆవిడ చెయ్యి ఇంకా వదల్లేదు.

శేషారత్నం గారు కుక్కరుని చూసింది. పెట్టెల కొండని చూసింది. ప్రతి పెట్టె మీదా తనే నవ్వుతోంది.

"అయితే ఇది నాను ముట్టుకోకూడదన్నమాట."

"ముట్టుకోకమ్మా."

"మరి ఎవలమ్మ ముట్టుకోవాల్రా?"

నీతి వీడియోలో ఈ ప్రశ్న లేదు మరి.

పెద్దావిడ కుర్చీ తెప్పించుకుని పెట్టెలకి అడ్డంగా వేసుకుని కూర్చుంది. "నా బొమ్మ పీకేసి అమ్ముకో. నేకపోతే పిడి బిగించి అమ్ముకో. రెండూ కాదంటే నన్నీ కుర్సీతో కూడా లారీ ఎక్కించు," అంది. పరమాన్నం మాత్రం ఎవరూ దించలేదు. కుక్కరుని స్టవ్వు మీదే ఉంచి, గరిటెతో తోడి దేవుడికి పెట్టి, అందరికీ పంచారు. చాలా బాగుందన్నారు.

నీతి గెలిచిందని మీరు సంబరపడుతున్నారు కదూ? తొందరపడకండి. ఆ సాయంత్రం మళ్లీ మీటింగు పెట్టారు. పెట్టెల మీద బొమ్మ మార్చాలంటే అట్టపెట్టెలన్నీ మళ్లీ అచ్చు వేయించాలి, దుర్గాపూజలోగా ప్రెస్సువాడు ఇవ్వలేనన్నాడు. రివిట్లు కొట్టడమే తేలిక అని తేలింది. కిరణ్‌కుమార్ గారు మళ్లీ తెర మీద రంగురంగుల బొమ్మలు వేసి, ఇనుప పట్టీని తనే కొత్తగా కనిపెట్టినట్టు చూపించారు. చప్పట్లు మళ్లీ మోగాయి. ఈసారి మీనాకుమారి కూడా కొట్టింది. గెలిచింది నీతా, అట్టపెట్టా అని అడగవలసిన అవసరం ఆమెకి కనిపించలేదు. పూరీ గేట్ పెద్దమ్మ చెయ్యి కాలదు, అది చాలు.

మర్నాడు పొద్దున్నే తవిటయ్య దేవుడికి దండం పెట్టి స్క్రూడ్రైవరు తీసి, పాత పిడులన్నీ విప్పడం మొదలుపెట్టాడు. లారీలు ఖాళీగా కొన్నాళ్లు ఎదురుచూశాయి. రివిట్లు పడ్డాక మీనాకుమారి పప్పు వేసి, ఉడికించి, ఎత్తి, మళ్లీ ఉడికించి, మళ్లీ ఎత్తి చూసింది. వేడివేడి కుక్కరు పిడితో సహా చేతిలో నిలిచింది. సంతోషంతో ఆమెకి కేక వేయాలనిపించింది. కేక వేయకుండా సంతకం పెట్టింది. నూకాలమ్మ ఆ సంతకం సంగతి వీధి వీధంతా చెప్పి, పూరీ గేట్ దాకా ఆటోలో వెళ్లి మరీ చెప్పి వచ్చింది.

ఇప్పుడు నా బాధ వినండి. దీనివల్ల ఊరికెంత నష్టం! తవిటయ్య హోదా పోయింది, మళ్లీ మామూలు ఫిట్టరయ్యాడు. కుక్కర్లు బాగుచేసేవాడు ఈగలు తోలుకుంటున్నాడు. పిడి ఊడితే పక్కింటి వాళ్లని పిలిచి మాట్లాడుకునే భాగ్యం ఎన్ని ఇళ్లకి లేకుండా పోయింది! ఒక్క ముసలావిడ మొండితనం వల్ల వాల్యూ ఇంజనీరింగ్ అనే మహాశాస్త్రం మన ఊళ్లో మూలపడింది.

అయితే మరీ దిగులుపడకండి. ఈశ్వరరావుకి అంటే తల్లి ఊళ్లోనే ఉంది, పెట్టె మీద ఆవిడ బొమ్మే ఉంది, పైగా ఆ రోజు స్క్రూడ్రైవరు దొరకలేదు. ఇన్ని అవాంతరాలు ఒక్కసారే ఏ కంపెనీకి వస్తాయి? మిగతా కంపెనీల పెట్టెల మీద సినిమా తారలు నవ్వుతున్నారు. వాళ్లెవరూ వచ్చి పరమాన్నం వండరు. కాబట్టి ఊడే వస్తువులకి దేశంలో కొరత రాదు, మీ చుట్టుపక్కల స్నేహాలకీ కొరత రాదు.

నాది చిన్న కోరిక, అంతే. ఈసారి కుక్కరు కొనడానికి వెళ్లినప్పుడు పెట్టె మీది ముద్రలన్నీ చదవడం మానేసి, దాన్ని తయారుచేసినవాళ్ల వంటింట్లో ఏ కంపెనీ కుక్కరు కూస్తోందో కనుక్కుని చెప్పండి. నేనూ అదే కొనుక్కుంటాను.